అమెరికాలో నల్లజాతి యువతని దౌత్య ఉద్యోగాలకి తయారుచేసే పద్ధతి మన శ్రీకాకుళం పిల్లలకి ఏమైనా పనికొస్తుందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను, దాంతోపాటు కెరీర్ గైడెన్స్ సెల్ కూడా నా నెత్తినే పెట్టారు. సెల్ అంటే ఒక బీరువా, ఒక నోటీసు బోర్డు, ఏడాదికోసారి ఎవరో బ్యాంకు కోచింగ్ వాళ్లు వచ్చి పాంప్లెట్లు పంచి వెళ్లడం, అంతే. మొన్న సెకండియర్ అమ్మాయి ఒకామె, ఎచ్చెర్ల వైపు మత్స్యకారుల ఇంటి పిల్ల, క్లాసయ్యాక ఆగి "మేడమ్, ఎంబసీలో ఉద్యోగం రావాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. ఆ ఊళ్ల నుంచి ఈ ప్రశ్న ఎందుకొస్తుందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద వేటకెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్లు 22 మంది పాకిస్తాన్‌కి దొరికిపోయారు కదా, 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చేదాకా ఆ తీరంలో ఆడవాళ్ల నోట కూడా హైకమిషన్, విదేశాంగ శాఖ అన్న మాటలే.

"సివిల్స్ రాయి, మంచి ర్యాంకొస్తే ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారిన్ సర్వీసు) తీసుకో" అని చెప్పి పంపేయొచ్చు, చెప్పాను కూడా. కానీ ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, అది సమాధానం కాదు. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక ఆ ర్యాంకు వచ్చేదాకా ఎక్కడుంటుంది, ఏం తింటుంది, ఇంట్లో పెళ్లి మాటలు ఎవరు ఆపుతారు, అసలు దౌత్యవేత్త అంటే రోజంతా ఏం చేస్తాడో ఆమెకి ఎవరు చూపిస్తారు?

ఈ గొడవలో పడి చదువుతుంటే అమెరికా విషయం తగిలింది. అక్కడ నల్లజాతి వాళ్లకీ ఇలాంటి ఇబ్బందే, విదేశాంగ శాఖ అంటే పాలిపోయిన తెల్ల మొహాలు, అందరూ మగాళ్లు, అందరూ యేల్ యూనివర్సిటీ వాళ్లు అని వెక్కిరించేవారట. దాన్ని మార్చడానికి 1992లో పికరింగ్ ఫెలోషిప్, పదేళ్ల తర్వాత హోవర్డ్ యూనివర్సిటీతో కలిసి రేంజెల్ ఫెలోషిప్ పెట్టారు. పేర్లు తెలిశాయి గానీ లోపల ఏం చేస్తారన్నది నాకు ఇంకా స్పష్టంగా లేదు. మన కోచింగ్ సెంటర్ చేయని పని వాళ్లు ఏం చేస్తున్నారు? అందులో ఒక డిగ్రీ కాలేజీ, బీరువా ఉన్న ఒక లెక్చరర్ చేయగలిగింది ఏమైనా ఉందా? మన ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల్ని వాళ్లతో పోల్చడం తప్పు అనుకునేవాళ్లు ఉంటే ఆ మాట కూడా చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. నేనైతే ఈ పోలిక కొత్తదని అనుకోను, నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞాపన ప్రతులు కావాలని అంబేద్కర్ 1946లోనే అక్కడి నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు.

రాజాం టు మేరీల్యాండ్:

మేడమ్, మాది రాజాం దగ్గర పల్లె, చాలా ఏళ్లుగా వాషింగ్టన్ పక్కన మేరీల్యాండ్‌లో ఉంటున్నాను. నేను సాఫ్ట్‌వేరు, దౌత్యానికీ నాకూ చుట్టరికం లేదు, కాకపోతే మా వీధిలో సగం మంది ఫెడరల్ ఉద్యోగులే, మా పక్కింటాయన విదేశాంగ శాఖలో రిటైరైన నల్లజాతి పెద్దాయన, సాయంత్రం వాకింగ్‌లో ఆయన మొదలుపెడితే ఆపడం కష్టం. ఆయన దగ్గర విన్నదీ నేను చదివిందీ కలిపి రాస్తున్నాను, పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక సవరణ. ఆ రెండు ఫెలోషిప్‌లూ నల్లజాతి వాళ్లకి మాత్రమే రిజర్వ్ చేసినవి కావు. అమెరికా పౌరులు ఎవరైనా అప్లై చేయొచ్చు, డబ్బు అవసరం ఉన్నవాళ్లకీ, ఆ శాఖలో తక్కువగా ఉన్న వర్గాలకీ ప్రోత్సాహం ఉంటూ వచ్చింది. హోవర్డ్ 1867లో పుట్టింది, నల్లజాతి వాళ్ల చదువుల్లో దానిది పెద్దపేరు, నడిపే బాధ్యత అలాంటి చోట పెట్టడం వల్ల ఆ కబురు చేరాల్సిన ఇళ్లకి చేరింది.

ఇక లోపల ఏం చేస్తారంటే, పరీక్షకి కోచింగ్ అన్నది అందులో చిన్న ముక్క. ముందుగా డబ్బు. రెండేళ్ల మాస్టర్స్‌కి ఫీజూ ఖర్చులూ కలిపి 80 వేల డాలర్ల పైన ఇస్తూ వచ్చారు, ఒక్కో ఫెలోషిప్‌లో ఏటా 45 మంది వరకు. రేంజెల్ వాళ్లని ఒక వేసవి అమెరికన్ కాంగ్రెస్‌లో పనికి పెడతారు, ఇంకో వేసవి విదేశంలో ఏదో ఒక ఎంబసీలో. అంటే ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరక ముందే చట్టసభ సభ్యుడి ఆఫీసులో ఫోన్లు ఎత్తి ఉంటాడు, ఎంబసీ మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చుని నోట్స్ రాసి ఉంటాడు. ఒక్కొక్కరికీ సర్వీసులో ఉన్న అధికారిని మెంటర్‌గా అంటగడతారు. ఇవన్నీ అయ్యాక కనీసం ఐదేళ్లు సర్వీసు చేయాలి, అది ఒప్పందం. డిగ్రీ చదివేవాళ్లకి వేరే ఆరు వారాల వేసవి కార్యక్రమం కూడా ఉంటూ వచ్చింది, మీ సెకండియర్ అమ్మాయి లాంటి వాళ్లకి సరిగ్గా సరిపోయేది అదే.

ఇంటర్న్‌షిప్ అన్నది చిన్న విషయం అనుకోకండి. 2022 దాకా విదేశాంగ శాఖలో మామూలు ఇంటర్న్‌షిప్‌లకి జీతమే లేదు. వాషింగ్టన్‌లో వేసవంతా అద్దె కట్టుకుని ఊరికే పనిచేయగలిగేది ఎవరి పిల్లలు? ఎవరూ ఎవరినీ కావాలని ఆపక్కర్లేదు, అద్దే ఆపేస్తుంది. మా పక్కింటాయన కుర్రతనంలో రాత్రిళ్లు గ్రోసరీ షాపులో డబ్బాలు సర్దేవాడట, ఇంటర్న్‌షిప్ అన్నది ఉంటుందనే ఆయనకి తెలీదట.

వీళ్లకి ఇంత చెయ్యి అందించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా పిల్లలకి చెప్పండి మేడమ్. నల్లజాతి వ్యక్తి అమెరికా దౌత్యవేత్త అవడం కొత్త కాదు, 1869లోనే ఎబెనెజర్ బాసెట్‌ని హైతీకి పంపారు. పంపడం దగ్గర కాదు తిరకాసు, ఎక్కడికి పంపుతారన్న దగ్గర. క్లిఫ్టన్ వార్టన్ అని ఒకాయన 1925లో పరీక్ష రాసి చేరాడు. మొదటి పోస్టింగ్ లైబీరియా, తర్వాత కానరీ దీవులు, మడగాస్కర్, ఇలా నల్లవాళ్లకని వాడుకలో పడిపోయిన ఒక చక్రంలోనే చాలా కాలం తిప్పారు. ఒక దేశంలో అమెరికా మిషన్‌కి పెద్దగా ఆయన్ని కూర్చోబెట్టేసరికి 1958, అదీ రుమేనియాలో. 33 ఏళ్లు! రాల్ఫ్ బంచ్ అనే ఇంకో నల్లజాతి ఆయన సంగతి ఇంకా ఘోరం, ఐక్యరాజ్యసమితి తరఫున ఇజ్రాయెల్‌కీ అరబ్బు దేశాలకీ మధ్య 1949లో సంధి ఒప్పందాలు కుదిర్చి మరుసటేడు నోబెల్ శాంతి బహుమతి తీసుకున్న మనిషి, అదే రోజుల్లో విదేశాంగ శాఖలో పెద్ద పదవి ఇస్తామంటే వద్దన్నాడు. వాషింగ్టన్‌లో అప్పటికి నల్లవాళ్లకి వేరే పేటలు, వేరే బడులు, మళ్లీ అందులోకి పిల్లల్ని తీసుకురాలేనన్నాడు.

ఇంత చెప్పాక చేదు మాట కూడా చెప్పాలి. అమెరికా ఆడిట్ సంస్థ 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం 2002 నుంచి 2018 మధ్య ఆ శాఖ మొత్తం ఉద్యోగుల్లో నల్లజాతి వాళ్లు 17 శాతం నుంచి 15కి తగ్గారు. అందులో దేశదేశాలు తిరిగే దౌత్య ఉద్యోగులు, అంటే ఫారిన్ సర్వీసు వరకే చూస్తే 6 నుంచి 7కి పెరిగారు, ఇన్నేళ్ల ఫెలోషిప్‌ల తర్వాత ఒక్క శాతం. లోపలికి తేవడం ఒక పని, లోపల నిలబెట్టడం, ప్రమోషన్ ఇవ్వడం ఇంకో పని. ఆ రెండోది అక్కడి నల్లజాతి ఉద్యోగులు తమకి తామే చూసుకోవాల్సి వచ్చింది, 1973లో థర్స్‌డే లంచన్ గ్రూప్ అని పెట్టుకున్నారు, పేరుకి గురువారం భోజనాలు, అసలు పని చిన్నవాళ్లకి పెద్దవాళ్లు లోగుట్టు చెప్పడం. పైగా 2025లో ట్రంప్ ప్రభుత్వం వచ్చాక ఈ తరహా కార్యక్రమాల మీద కత్తి వేలాడుతోంది, విదేశాలకి సాయం చేసే సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేశారు, ఇక దాని కోసం మనుషుల్ని తయారుచేసే పేన్ ఫెలోషిప్‌కి చేరే చోటే లేకుండా పోయింది. కాబట్టి అమెరికా గొప్ప, మనం తక్కువ అన్న లెక్కలో నేను ఇదంతా రాయడం లేదు.

పలాస కుర్రోడు:

ఆ చివరి లైను పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను తిట్టడానికి రెడీగా ఉన్నాను.

మేడమ్, కోపం తెచ్చుకోకండి గానీ ఈ పోలిక నాకు నచ్చలేదు. మన దగ్గర రాజ్యాంగంలోనే రిజర్వేషన్ ఉంది. సివిల్స్‌లో ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఓబీసీకి 27 శాతం. అమెరికాలో అలాంటిది లేదు, అందుకే ఫెలోషిప్‌లని చుట్టు తిరిగి వస్తున్నారు. వాళ్లే మన దగ్గర నేర్చుకోవాలి. కె.ఆర్. నారాయణన్ కేరళ పల్లెటూళ్లో దళిత కుటుంబంలో పుట్టి, టాటా వాళ్ల స్కాలర్‌షిప్‌తో లండన్‌లో చదువుకుని 1949లో ఐఎఫ్ఎస్‌లోకి వచ్చాడు, చైనాకీ అమెరికాకీ రాయబారిగా వెళ్లాడు, చివరికి 1997లో రాష్ట్రపతి అయ్యాడు. ఇంకా దగ్గరగా కావాలా, మా పలాస మండలం పారసంబ నుంచి రోణంకి గోపాలకృష్ణ గారు 2016 సివిల్స్‌లో దేశంలో 3వ ర్యాంకు, తెలుగులో మెయిన్స్ రాసి, తెలుగు సాహిత్యం ఆప్షనల్ తీసుకుని, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే. అది చాలదా పిల్లలకి చెప్పడానికి? హోవర్డ్ దాకా ఎందుకు?

అసలు సమస్య నేను చెబుతాను, ఎందుకంటే నేను అందులోనే ఉన్నాను. ప్రిలిమ్స్ పేపరు ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఇస్తారు. మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు, కానీ ఆ గుమ్మం దాటాలి కదా. రెండో పేపరు సీశాట్ క్వాలిఫై అయితే చాలు, 200కి 66, అని తేలిగ్గా చెబుతారు, తెలుగు మీడియం కుర్రాడికి ఆ ఇంగ్లిష్ ప్యాసేజీలు రెండు గంటల్లో చదివి అర్థం చేసుకోవడం ఎంత నరకమో హైదరాబాద్ వాళ్లకి తెలీదు. మెయిన్స్‌లో మళ్లీ ఇంగ్లిష్ క్వాలిఫైయింగ్ పేపరు, 300కి 75. మెంటర్లూ ఎంబసీలూ తర్వాత సంగతి మేడమ్, ఆ అమ్మాయికి ముందు రోజూ ఒక గంట ఇంగ్లిష్ పేపరు చదివించండి, పుణ్యముంటుంది. ఇంకోటి, 2023 పరీక్షలో ఐఎఫ్ఎస్‌కి 37 పోస్టులు, 2024లో 55. దేశం మొత్తానికి! ఆ యాభై మందిలో ఒకరు అవ్వమని పిల్లకి చెప్పడం అంటే ఒక రకంగా మోసమే.

విజయనగరం మాస్టారు:

బాబూ పలాస, నువ్వన్నదాంట్లో సగం నిజం. నారాయణన్ గారు ప్రతిభ లేకుండా వెళ్లలేదు, కానీ ఆ టాటా స్కాలర్‌షిప్ లేకపోతే లండన్ వెళ్లగలిగేవారు కాదు, నీ వాక్యంలోనే రాశావు, చూసుకో. రిజర్వేషన్ పరీక్ష రాసినవాడికి. మేడమ్ అడుగుతున్నది పరీక్ష దాకా రాని పిల్ల గురించి. నేను చాలా కాలం హైస్కూల్లో చెప్పాను, బుర్ర ఉన్న పిల్లలు ఎందరో డిగ్రీ అవగానే ఫార్మా కంపెనీ బస్సెక్కేశారు. తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే, "ఎన్నాళ్లు మాస్టారూ?" దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. అమెరికా వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది అదే, రెండేళ్లు అని తేదీ వేసి, ఆ రెండేళ్లూ డబ్బిచ్చి, చివర ఉద్యోగం చూపిస్తున్నారు. అలాగైతే ఏ తండ్రైనా సరే అంటాడు.

ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి 37 ఏళ్ల దాకా ఎన్నిసార్లైనా రాయొచ్చని ఉంది కదా, అది వరమే, కానీ కూలి చేసుకునే ఇంటికి ఆ వరం వాడుకునే స్తోమత ఏదీ?

గజపతినగరం అమ్మాయి (ఢిల్లీ):

నేను సాధారణంగా ఇక్కడ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే అందరూ ఐఎఫ్ఎస్ ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడుతున్నారు.

మేడమ్, నేను విదేశాంగ శాఖలోనే పనిచేస్తున్నాను, సివిల్స్ రాసి కాదు, ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాసి, అంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ వాళ్లకి పెట్టే పరీక్ష. అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టుల్లో విదేశాంగ శాఖకి వేరే ఆప్షన్ ఉంటుంది, ప్రిఫరెన్స్ పెట్టేటప్పుడు మన పిల్లలు ఇన్‌కమ్‌ట్యాక్స్ ముందు పెట్టేసి దీన్ని ఎక్కడో కింద పడేస్తారు, అది ఏంటో తెలీక. కొన్నాళ్లు ఢిల్లీ, కొన్నాళ్లు ఏదో దేశంలో ఎంబసీ, అలా తిప్పుతారు. ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. రాయబారి అవుతామా అంటే ఆ దారి చాలా పొడుగు, ప్రమోషన్లు నెమ్మది, ఆ మాట దాచను. కానీ ఆ అమ్మాయి అడిగింది ఎంబసీలో ఉద్యోగం గురించి, రాయబారి కుర్చీ గురించి కాదు కదా.

ఎంబసీలో ఏం చేస్తారని అడిగారు కాబట్టి ఒక్కటి చెబుతాను. గల్ఫ్‌లో ఒక చోట కాన్సులర్ సెక్షన్‌లో పనిచేశాను. ఒకరోజు కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు నలిగిన పాస్‌పోర్ట్ జిరాక్స్ ఒక్కటే. అసలు పాస్‌పోర్ట్ యజమాని దగ్గర ఉండిపోయింది, జీతం లేదు, పనిలోంచి పారిపోయాడని యజమాని ఫిర్యాదు కూడా పెట్టేశాడు. ఆయన వచ్చీరాని హిందీలో చెబుతుంటే పక్క కౌంటర్ వాళ్లకి అర్థం కావట్లేదు, నేను వెనక నుంచి "ఏ ఊరు మావయ్యా?" అన్నాను. సోంపేట దగ్గర అన్నాడు, అని కౌంటర్ మీద తల పెట్టేశాడు. తర్వాతంతా కాగితాల పనే, ఫారం నింపడం, పాత పాస్‌పోర్ట్ వివరాలు సరిచూడటం, ఇండియా వెళ్లడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వడం, అక్కడి లేబర్ ఆఫీసుకి ఉత్తరం, ఫిర్యాదు తీయించడం కోసం తిరగడం. ఒకే కేసు నెలల తరబడి సాగింది. ఎవరూ సినిమాలో చూపించినట్టు సూటేసుకుని షేక్‌హ్యాండ్ ఇవ్వరు, రోజంతా స్టాంపూ రిజిస్టరూ. ఆ కౌంటర్ అవతల మన ఊరి మనుషులు ఉన్నప్పుడు ఇవతల మన ఊరి మనిషి ఒకరుండటం ఎంత తేడానో అమెరికా వాళ్లు 1980లోనే చట్టంలో రాసుకున్నారు, ఫారిన్ సర్వీసు అమెరికా ప్రజలందరికీ ప్రతినిధిలా ఉండాలని.

మీ ఎచ్చెర్ల ఊళ్ల విషయమే తీసుకోండి. ఇండియా, పాకిస్తాన్ 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, ఎంత గొడవల్లో ఉన్నా అది నడుస్తూనే వచ్చింది. ఆ జాబితాలో ఒక పేరు తప్పు పడిందా, ఇంటిపేరు ముందుదా వెనకదా తేల్చలేకపోయారా, మనిషి పౌరసత్వం నిర్ధారణ ఆలస్యం, అతను జైల్లోనే. మన తీరంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న మగాళ్లు వీధికి నలుగురు. ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఆ ఊరి పిల్లకే కదా. ఆమెకి చెప్పండి, తన ఊరి గురించి తనకి తెలిసిందే ఆ ఉద్యోగానికి సగం అర్హత.

తమ్ముడూ పలాస, నువ్వు చెప్పిన ఇంగ్లిష్ సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. సీజీఎల్‌లో కూడా అదే గుమ్మం. కానీ మోసం అనకు.

చివరగా, మన విదేశాంగ శాఖకీ ఇంటర్న్‌షిప్ ఉంది, చాలామందికి తెలీదు. డిగ్రీ అయినవాళ్లకి, నెలకి 10,000 స్టయిఫండ్, సొంత రాష్ట్రం నుంచి ఢిల్లీకి రానుపోను విమాన ఛార్జీ కూడా ఇస్తారు, వయసు 25 లోపు, రాష్ట్రాల వారీగా తీసుకుంటారు, ఆస్పిరేషనల్ జిల్లాల (కేంద్రం గుర్తించిన వెనకబడ్డ జిల్లాల) వాళ్లకి ప్రాధాన్యం అని పాలసీలోనే రాసుకున్నారు. పాత విజయనగరం జిల్లా ఆ జాబితాలో ఉండేది, జిల్లాలు విడగొట్టాక ఇప్పుడు పార్వతీపురం మన్యం వైపు చూడాలి. 10,000కి ఢిల్లీలో రూము దొరకదు, అది నిజం, హాస్టల్లో ఉన్న సీనియర్లని పట్టుకోవాలి.

రాజాం టు మేరీల్యాండ్:

గజపతినగరం అమ్మా, చాలా బాగా రాశావు. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా చేసిన లిండా థామస్ గ్రీన్‌ఫీల్డ్ కూడా ఇలాంటి మాటే చెప్పేది, లూసియానాలో నల్లవాళ్లకి వేరే బడులున్న రోజుల్లో పెరిగింది, తండ్రికి చదవడం రాయడం రాదు, ఎనిమిది మంది పిల్లల్లో పెద్దది. ఏ దేశంలో ఉన్నా ఇంటికి పిలిచి తమ వైపు వంట గంబో వండి పెట్టి మాట్లాడించేదట.

ఒకరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు, "ఇలా చేయి పట్టుకుని తెచ్చినవాళ్లు మెరిట్ వాళ్లు ఎలా అవుతారు" అని. ఇక్కడే జవాబు చెబుతాను. ఆ ఫెలోషిప్ వాళ్లకి సరిగ్గా ఇదే మాట లోపల కూడా వినబడుతుంది, దొడ్డిదారిన వచ్చారని. ఫెలోషిప్‌కే వందలమందిలోంచి వడపోత, ఆ తర్వాత ఓరల్ అసెస్‌మెంట్, అంటే ఫారిన్ సర్వీసులోకి తీసుకునే ముందు పెట్టే ముఖాముఖి పరీక్ష, ఆ గండం అందరితో పాటు వాళ్లూ గట్టెక్కాలి. మా పక్కింటాయన దీని మీద ఎప్పుడూ ఆవేశపడడు, నవ్వి ఊరుకుంటాడు, అలవాటైపోయింది కాబోలు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, మన దగ్గర కోటా వాడు అన్న మాట విన్నప్పుడు మండినట్టే.

మేడమ్, మీ కాలేజీలో చేయగలిగింది ఏంటని అడిగారు కదా. ఆ ఓరల్ అసెస్‌మెంట్‌లో చాలాకాలం నడిచిన ఒక పద్ధతి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. అయిదారుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెడతారు. మీరు ఫలానా దేశంలో ఎంబసీ టీమ్ అంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్రాజెక్టు కాగితం పెడతారు, ఒకరిది మంచినీళ్లు, ఒకరిది బడి, ఒకరిది పాత కట్టడం బాగుచేయడం ఇలా. అరగంట చదువుకుని ఒక్కొక్కరూ తమ ప్రాజెక్టు గురించి చెప్పాలి, మంచీ చెడూ రెండూ. అందరూ చెప్పాక అసలు కథ, ఉన్న డబ్బు అన్నిటికీ చాలదు, మీలో మీరే మాట్లాడుకుని ఎవరికి ఎంతో తేల్చండి అంటారు. పరీక్షించేవాళ్లు గోడ పక్కన కూర్చుని రాసుకుంటుంటారు, ఒక్క మాట మాట్లాడరు. తన ప్రాజెక్టునే చివరిదాకా పట్టుకుని అరిచినవాడు పోతాడు, నోరు మెదపనివాడూ పోతాడు. పక్కవాడిది మేలని ఒప్పుకుని తనది కొంచెం వదులుకుని అందరినీ ఒక మాట మీదకి తెచ్చినవాడు నిలబడతాడు. పక్కింటాయన దగ్గరికి ఇప్పటికీ కుర్రాళ్లు దీని ప్రాక్టీసుకి వస్తారు, వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర నేను కూడా ఒకసారి తక్కువ పడ్డ మనిషి బదులు కూర్చున్నాను, చెమటలు పట్టాయి.

మన మాక్ ఇంటర్వ్యూల్లో ఏం అడుగుతాం? "మీ జిల్లా ప్రత్యేకత ఏంటి?" పిల్లాడు అరసవల్లి, శ్రీకూర్మం, కళింగపట్నం అని అప్పజెబుతాడు. అంతటితో సరి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. మాస్టారూ, "ఎన్నాళ్లు" అన్న ప్రశ్న చదివి కాసేపు అలా ఉండిపోయాను, నిన్ననే ఒక తండ్రి అదే అడిగాడు.

నాకు అర్థమైనంతలో ఫెలోషిప్ ఇచ్చే శక్తి కాలేజీకి లేదు, అది ప్రభుత్వం పని, విశాఖ అంబేద్కర్ స్టడీ సర్కిల్ లాంటివి కోచింగ్ దగ్గరే ఆగకుండా ఆఫీసుల్లో పని చూపించే ఏర్పాటు కూడా చేస్తే బాగుండును, దాని గురించి ఒక అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఇస్తాను, ఇస్తే ఏమవుతుందో నాకూ తెలుసు, అయినా ఇస్తాను. నా చేతిలో ఉన్నవి రెండున్నాయి. ఎంబసీ ఇంటర్న్‌షిప్ మనకి కుదరదు గానీ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే చోట వేసవిలో పిల్లల్ని కూర్చోబెట్టొచ్చు, గల్ఫ్ కేసులు అక్కడికీ వస్తుంటాయి. రెండోది ఆ బల్ల చుట్టూ కూర్చునే ప్రాక్టీసు, శనివారం మధ్యాహ్నాలు మొదలుపెడతాను. ఆ అమ్మాయికి సీజీఎల్ సంగతి చెప్పాను, నోటుబుక్కులో రాసుకుని "ఫీజు ఎంత మేడమ్?" అంది. ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీ వాళ్లకి ఎస్ఎస్‌సీ ఫీజు లేదని చెప్పాక మొహంలో తేడా చూడాలి.

గజపతినగరం అమ్మాయీ, నెలకోసారి అరగంట వీడియో కాల్‌లో మా పిల్లలతో మాట్లాడగలవా? పని గురించి, ఆ కౌంటర్ గురించి, అంతే చాలు, మోటివేషన్ స్పీచ్ వద్దు.

ఒక చిక్కుంది. ఆ ప్రాక్టీసుకి ప్రాజెక్టు కాగితాలు కావాలి. ఏదో ఆఫ్రికా దేశం అని ఊహించి రాస్తే పిల్లలకి ఎక్కదు. మన వైపు విషయాలతో, ఒక్కోటి ఒక పేజీ, ఎవరైనా రాసివ్వగలరా?

గజపతినగరం అమ్మాయి (ఢిల్లీ):

తప్పకుండా మేడమ్. ఆదివారాలైతే నాకు వీలు. ఆ అమ్మాయిని సీజీఎల్ ఫారంలో ప్రిఫరెన్స్ పెట్టేముందు ఒకసారి నాతో మాట్లాడమనండి, ఆ లిస్టు తప్పు పెట్టుకుని బాధపడినవాళ్లని చాలామందిని చూశాను.

పలాస కుర్రోడు:

సరే, ఒకటి నేను రాస్తాను. ఉద్దానం కిడ్నీ జబ్బులు, డయాలసిస్ బెడ్లకి డబ్బు పెట్టాలా మంచినీటి పైపులకి పెట్టాలా అని. ఇంకోటి మూలపేట పోర్టు కింద భూములు పోయిన ఊళ్లకి బడి కట్టాలా, బోటు జెట్టీ కట్టాలా అని. రెండూ ఆదివారం రాత్రికి ఇస్తాను, ఒక్కోటి తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, ముందు ఇంగ్లిష్‌ది చదివించండి, అర్థం కానివాళ్లకి మాత్రమే తెలుగుది ఇవ్వండి. పోలిక విషయంలో మాత్రం నా మాట నాదే.